స్నార్కెల్ జేబులో పెట్టుకో నాన్నా

చిక్కడపల్లి, హైదరాబాద్
ఆదివారం

కన్నా,

నిన్న ఫోన్‌లో నీ డైవింగ్ ట్రిప్ గురించి చెబుతూ "స్నార్కెల్ ఎవరూ తీసుకెళ్లడం లేదమ్మా, సిలిండర్ ఉండగా అదెందుకు" అనేసి పెట్టేశావు. నీటి పైన తేలుతూ ఊపిరి పీల్చుకునే ఆ చిన్న గొట్టం గురించే రాత్రంతా ఆలోచన. అందుకే రాస్తున్నాను.

నేను అండమాన్‌లో డైవింగ్ నేర్చుకున్నప్పుడు నీది ఏడో తరగతి. చివరి రోజు పైకి తేలేసరికి ప్రవాహం మమ్మల్ని బోటుకు చాలా దూరం లాక్కెళ్లింది. గేజ్ చూస్తే సిలిండర్‌లో గాలి 40 బారే, అడుగంటుతోంది. బోటేమో ఇంకో జట్టును ఎక్కించుకుంటోంది. జాకెట్‌లో గాలి నింపుకున్నాను కాబట్టి మునిగే భయం లేదు. కానీ హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి వెళ్లేటప్పుడు చూసే అలలు కావవి. సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్‌ను నోట్లోంచి తీస్తే ఉప్పునీళ్లు గొంతులోకి, పెట్టుకుంటే గేజ్ ముల్లు కిందికి. స్నార్కెల్ బోటులో, నా బ్యాగులో ఉంది. ఆ పావుగంట పడ్డ టెన్షన్ మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నీ స్నేహితులు చెప్పేదాంట్లోనూ నిజం ఉంది. మాస్క్ పట్టీకి తగిలిస్తే అది నీళ్లలో ఊగుతూ మాస్క్‌ను లాగుతుంది. రెగ్యులేటర్ గొట్టం కుడి భుజం మీంచి వస్తుంది కాబట్టి స్నార్కెల్‌ను ఎడమవైపు పెట్టుకుంటాం. జాకెట్‌లోకి గాలి నింపే గొట్టమూ అటే ఉంటుంది. కంగారులో చెయ్యి ఒకదానికి బదులు ఇంకోటి పట్టుకోవచ్చు. మునిగిన ఓడల్లోకీ గుహల్లోకీ వెళ్లేవాళ్లకు అది అడ్డమే. తాళ్లకు చిక్కుకుంటుంది, పైన కప్పు ఉన్నచోట దాంతో పనేముంది?

కానీ నువ్వు వెళ్లేది బోటు మీద, తెరిచిన సముద్రంలోకి. అందుకని మడత స్నార్కెల్ తీసుకెళ్లు. మెత్తటి సిలికాన్‌ది, చుట్టి జాకెట్ జేబులో పెట్టేయొచ్చు, చిన్న తాడుతో కట్టేసుకో. ఎప్పుడూ వాడకుండా అక్కడే ఉంచితే మాత్రం లాభం లేదు. బెంగళూరులో పూల్‌కి వెళ్లినప్పుడు మాస్క్ తియ్యకుండా, చేత్తో తడిమి బయటికి తీసి పట్టీ కింద దూర్చడం, ఒక్క ఊపున ఊది నీళ్లు బయటికి కొట్టడం, రెగ్యులేటర్ నుంచి దానికి మారడం, అన్నీ చెయ్యి. పదిసార్లు చెయ్యి.

చిన్నప్పుడు మొక్కల పైపు తెచ్చి పూల్ అడుగున కూర్చుని ఊపిరి తీస్తానని ఏడ్చావు, గుర్తుందా? మీటరు లోతులోనే నీటి ఒత్తిడి ఛాతీని నొక్కేస్తుంది, పైనుంచి గాలి లాగలేం. పొడుగు పైపులో వదిలిన ఊపిరే మళ్లీ వెనక్కి వస్తుంది. స్నార్కెల్ సుమారు 40 సెంటీమీటర్లే ఉండేది అందుకే. అది నీటి పైన మాత్రమే, నాన్నా. కింద నోట్లో ఉండాల్సింది రెగ్యులేటరే.

విజిల్, నారింజ రంగు గాలి ట్యూబ్ కూడా పెట్టుకో. నిన్ను బోటువాళ్లు చూడాలి కదా.

నా మడత స్నార్కెల్‌కు కొత్త మౌత్‌పీస్ వేసి రేపు కొరియర్ చేస్తున్నాను. అందగానే ఫోన్ చెయ్యి.

అమ్మ