అమ్మా, ఆ రోజు ఫోన్లో అరిచాను కదా

అమ్మా,

నేను మంచిగనే ఉన్నా. పని ఎప్పటిదే. ఎండలకు దుబాయిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా పని ఆపుతారు, ఆ టైంలో నీడకు కూర్చొని రాస్తున్నా. ఫోన్ చేస్తే మళ్లీ గొంతు లేస్తదేమోనని ఉత్తరం.

బుడ్డోనికి మోషన్స్ అయిన నాడు నిన్ను, కోడల్ని ఎన్ని మాటలన్నానో తలుచుకుంటే అన్నం సహించట్లేదు. పొద్దటి నుంచి ఏడుసార్లు పోతుంటే ఇంట్లో పెట్టుకొని చెంచాతో నీళ్లు పోస్తారా, మెట్‌పల్లి తీసుకపోయి సెలైన్ పెట్టించరా, నేను పంపే పైసలు దేనికి అన్నా. ఇంత దూరమున్నోడి చేతిలో ఫోనూ, పైసలూ తప్ప ఇంకేముంటాయమ్మా.

తమాషా చూడు, సైటులో ఎండకు కళ్లు తిరిగితే మా ఫోర్‌మన్ చేతిలో పెట్టేదీ ఆ ఓఆర్‌ఎస్ పొట్లమే. నేను తాగితే పనిచేస్తది, నా కొడుక్కి మాత్రం బాటిలే ఎక్కించాలన్నా. పిల్లాడు హుషారుగా తాగుతున్నంతసేపు సెలైన్‌తో పనిలేదని మన ఊరి ఆశా వర్కరు, ఆశమ్మ చెప్పినా వినలేదు.

ఆమె మూడు రోజులు రెండు పూటలా వచ్చిందట కదా. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో పొట్లం మొత్తం కలిపి, మోషన్ అయినప్పుడల్లా పావు గ్లాసో సగం గ్లాసో తాగించి, వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచా చెంచా పోసి, తెల్లారి మిగిలింది పారబోసి కొత్తది కలిపి... పక్కింటి వదిన నీ కోడలితో వంతులేసుకొని రాత్రంతా కూర్చుందని ఇప్పుడు తెలిసింది. వచ్చేటోళ్లతో ఖర్జూరాలు పంపుతా, ముందు ఆమెకే ఇయ్యి.

పాలు మాన్పించొద్దని నువ్వే అన్నావట! నాకు విరేచనాలైతే కడుపు మాడ్చి పండబెట్టినానని చెప్పేదానివి, ఎప్పుడు మారినవే? దిష్టి తియ్యి, నేనేమీ అనను, మిరపకాయల పొగ మాత్రం వాడి మొహం మీదికి రానియ్యకు.

కిరాణం నుంచి తెచ్చిన, ఓఆర్‌ఎస్ అని రాసున్న తియ్యటి డ్రింకు డబ్బాలు మళ్లీ తేవొద్దని చిన్నోడికి చెప్పు. అంత చక్కెర పోతే మోషన్స్ ఇంకా ఎక్కువైతయి. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడితే, 2025 అక్టోబర్‌లో అసలు ఫార్ములా లేని డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అని రాయొద్దని ఆర్డర్ వచ్చింది. వాడికి పేపర్ చదివే ఓపికెక్కడిది.

జింకు గోళీ కోడలు మూడో రోజే ఆపేసిందట. మోషన్స్ తగ్గినా సరే, 14 రోజులు రోజుకొకటి, చెంచాడు నీళ్లలో కరిగించి వెయ్యాల్సిందే. ఆశమ్మ కోప్పడితే మీ మంచికే.

పసుపు చేనులో నీళ్లు నిలుస్తున్నాయా? కాలువ తియ్యమను.

అయినా నా టెన్షన్ పూర్తిగా పోలేదు, కోపం తెచ్చుకోకు. కళ్లు లోపలికి పోయినా, తాగకుండా మగతగా పడున్నా, విరేచనంలో నెత్తురు కనబడినా ఎవరి కోసం ఆగొద్దు, 108కి ఫోన్ కొట్టండి. దగ్గు పట్టి ఎగపోస్తుంటే వాడు ఏడవకుండా ఉన్నప్పుడు అంగీ లేపి పొట్ట చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలట, ఏడాది దాటినోడికి 40 వచ్చినా, ఆపైన వచ్చినా దవాఖానకే. కోడలు లెక్కపెట్టేటప్పుడు నాకు వీడియో కాల్ చెయ్యమను. రాత్రి రెండైనా సరే ఎత్తుతా, ఇక్కడి నుంచి నేనూ లెక్కపెడతా.

నీ పెద్దోడు