విదేశీ ఒప్పందాల వివరాలు చెప్పాలి

సంపాదకునికి,
అడ్మిషన్ల వేళ ఇంజినీరింగ్ కాలేజీల గేట్ల దగ్గర విదేశీ జెండాలతో ఫ్లెక్సీలు వెలుస్తాయి. మా అమ్మాయి కోసం వెళ్లిన కాలేజీలో బ్రోషర్ నిండా విదేశీ వర్సిటీలతో ఒప్పందాల ఫొటోలే. ఆ వర్సిటీల్లో చదివి తెచ్చుకున్న క్రెడిట్లు (సబ్జెక్టు పూర్తిచేస్తే వచ్చే పాయింట్లు) ఇక్కడ లెక్కలోకి వస్తాయా అంటే కౌంటర్లో ఎవరూ చెప్పలేకపోయారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ట్విన్నింగ్ కోర్సులో (కొంత ఇక్కడ, కొంత విదేశంలో చదివే కోర్సు) 30 శాతం వరకు క్రెడిట్లు విదేశంలో పొందవచ్చు. డిగ్రీ మాత్రం మన సంస్థే ఇస్తుంది. ఈ ముక్క తెలియక ఎందరో అప్పులు చేస్తున్నారు. ఐఐటీ హైదరాబాద్‌ను చూడండి: జపాన్ సాయంతో కందిలో భవనాలు లేచాయి, విద్యార్థులు స్కాలర్‌షిప్‌లపై జపాన్ వెళ్లి పరిశోధన చేస్తున్నారు. భాగస్వామ్యమంటే అదీ! ప్రతి కాలేజీ ఒప్పందం గడువు, వెళ్లిన విద్యార్థుల సంఖ్య, ఖర్చు నోటీసు బోర్డులో పెట్టేలా ఉన్నత విద్యామండలి ఆదేశించాలి.
– ఒక తండ్రి, సంగారెడ్డి