మొక్కజొన్న వాసనకూ విత్తన పరిశోధనలో చోటివ్వాలి

సంపాదకులకు నమస్కారం.

2018లో మొక్కజొన్నను తినేసే కత్తెర పురుగు (ఒక రకం లద్దె పురుగు) మన దేశంలో కనిపించింది మొదలు, మాకు అందే సలహాలు ఎక్కువగా ఏ మందు, ఎంత మోతాదులో కొట్టాలన్న దాని చుట్టూనే తిరుగుతున్నాయి. పురుగు కొరికినప్పుడు మొక్కజొన్న తనను కాపాడుకోవడానికి చేసే ప్రయత్నం గురించి రైతులకు చెప్పేవారే లేరన్న బాధతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

గడ్డి కోసినప్పుడు గుప్పుమనే పచ్చి వాసన అందరికీ తెలుసు. లద్దె పురుగు కొరికిన మొక్కజొన్న ఆ వాసనతో ఆగదు. కొన్ని గంటల తరువాత టెర్పీన్లు, ఇండోల్ వంటి వాసన పదార్థాలను కూడా గాలిలోకి వదులుతుంది. ఆ వాసన పట్టుకుని చిన్న కందిరీగలు వచ్చి పురుగు ఒంట్లో గుడ్డు పెడతాయని అమెరికాలో జరిగిన పరిశోధన 1990లో తేల్చింది. బ్లేడుతో ఆకును కోస్తే ఈ స్పందన అంతగా రాలేదు, కోసినచోట పురుగు నోటి ద్రవం రాస్తే వచ్చింది. ఆ ద్రవంలోని వోలిసిటిన్ అనే పదార్థాన్ని 1997లో గుర్తించారు. తనను గాయపరిచింది కొడవలో పురుగో మొక్కకు తెలుస్తోందన్న మాట!

నేల లోపలా ఇదే జరుగుతుంది. వేరుపురుగు కొరికితే, మన లవంగాల్లోనూ మిరియాల్లోనూ ఉండే కారియోఫిల్లిన్‌ను వేరు వదిలి, ఆ పురుగును చంపే నులిపురుగులను (నేలలో ఉండే సన్నని సూక్ష్మజీవులను) రప్పించుకుంటుంది. అయితే ఐరోపా రకాల్లో నిలిచిన ఈ గుణం ఉత్తర అమెరికా రకాల్లో చాలావాటికి లేదని 2005లో బయటపడింది. దిగుబడి ఒక్కటే చూస్తూ విత్తనాన్ని ఎంపిక చేస్తూ పోతే మనకు తెలియకుండానే ఏం పోగొట్టుకుంటామో దీన్నిబట్టి ఊహించవచ్చు.

నిరుడు మా చేలో ఒక మొవ్వు విప్పి చూస్తే, రంపపు పొట్టులాంటి పెంట మధ్య చచ్చుబడిన పురుగు, దాని పక్కనే బియ్యపు గింజంత తెల్లని గూడు కనిపించాయి. ఆ గూడు పురుగు కడుపులో పెరిగి బయటికి వచ్చిన కందిరీగ పిల్లదని తెలియక, మరునాడే చేనంతా మందు కొట్టాను. పురుగుతోపాటు దాన్ని తినేదాన్నీ చంపే మందులు వాడితే, మొక్క ఎంత వాసన వదిలినా వచ్చేదెవరు?

మన రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలు సాగులో ఉన్న హైబ్రిడ్లలో ఏవి ఈ వాసనలను బాగా వదులుతున్నాయో, ఏవి కోల్పోయాయో పరీక్షించి, ఆ వివరాలను రైతులందరికీ తెలుగులో అందుబాటులో ఉంచాలని, కొత్త రకం విడుదలకు ముందు దిగుబడితో పాటు దీన్నీ చూడాలని కోరుతున్నాను.

— ఒక మొక్కజొన్న రైతు, కరీంనగర్ జిల్లా