వాన పడితే భయపడే ఊళ్లు

ట్రోమ్సో, నార్వే

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో నువ్వడిగిన మాట ఇంకా మనసులో తిరుగుతూనే ఉంది. "అక్కడ చలి తగ్గితే వాళ్లకి మంచిదే కదరా, కాస్త అవస్థ తప్పుతుంది" అన్నావు. అప్పుడు రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను గానీ, తృప్తి కలగలేదు. బళ్లో పిల్లలు కూడా నిన్ను ఇదే అడుగుతున్నారన్నావు కదా, అందుకే కూర్చుని రాస్తున్నా.

ఆర్కిటిక్‌లో, అంటే ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ఈ ప్రాంతాల్లో, బతుకంతా చలి మీదే నిలబడి ఉందిరా. గడ్డకట్టిన సముద్రమే వీళ్లకి బాట. గడ్డకట్టిన నేలే ఇంటికి పునాది. అలాస్కాలో ఆ నేలలోనే గుంటలు తవ్వి వేటమాంసం దాచుకుంటారు. మనకి ఏరు, చెరువు ఎలాగో వీళ్లకి గడ్డకట్టడం అలాగ. అది సడలితే బాట, ఇల్లు, తిండి అన్నీ ఒకేసారి కదిలిపోతాయి.

లాంగియర్‌బైన్ సంగతి చెబుతా. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉందా ఊరు. జనం రెండున్నర వేల దాకా ఉంటారు. 1906లో ఒక అమెరికన్ బొగ్గు కోసం కట్టించాడు. అక్కడ చివరికి మిగిలిన నార్వే గనిని 2025లో మూసేశారు. ఇళ్లన్నీ గుంజల మీద నిలబడి ఉంటాయి. ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేలలోకి, అంటే పర్మాఫ్రాస్ట్‌లోకి, ఆ గుంజల్ని దింపారు. ఎండాకాలంలో పైపొర కరగడం మామూలే. ఇప్పుడు ఆ కరిగే లోతు పెరుగుతోంది, గుంజలకి పట్టు సడలుతోంది.

2025 ఫిబ్రవరిలో స్వాల్‌బార్డ్‌లో వాన పడింది. ఫిబ్రవరిలో! ధ్రువపు చలికాలం నడిమధ్యన మంచు కరిగి నేల మీద నీళ్లు నిలిచాయి, అక్కడక్కడ బురద తేలింది. మంచులో పని చేద్దామని వెళ్లిన శాస్త్రవేత్తలు ఆ నీళ్లలో తిరిగారు. మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి ఉన్నది కూడా ఆ దీవుల్లోనే, న్యూ ఓలెసుండ్‌లో.

మనం వాన కోసం మొక్కుతాం కాబట్టి ఇందులో భయం ఏముందో చటుక్కున అర్థం కాదు. రెయిన్‌డీర్‌ల, అంటే మంచు ప్రాంతపు దుప్పుల, సంగతి వింటే తెలుస్తుంది. మెత్తటి మంచుని అవి డెక్కలతో తవ్వి, కింద ఉన్న మేత తింటాయి. ఆ మంచు మీద వాన పడి మళ్లీ గడ్డకడితే గాజుపలకలాంటి పొర ఏర్పడుతుంది. మేత కాళ్ల కిందే ఉంటుంది, నోటికి మాత్రం అందదు. రష్యాలోని యమల్ ద్వీపకల్పంలో 2013 నవంబరులో ఇదే జరిగింది. వాన పడింది, వెంటనే గట్టి చలి వచ్చింది. ఆ చలికాలంలో 61,000 రెయిన్‌డీర్‌లు ఆకలితో చచ్చిపోయాయి. వాటిని మేపుకునే నెనెట్స్ జనానికి బండి లాగేది అవే, ఒంటి మీద బట్ట, గుడారం కప్పు, తిండి అన్నీ వాటివల్లే. మంద పోయిన కుటుంబాలు చేపలు పట్టి పొట్ట పోసుకున్నాయి. దగ్గర్లోని సముద్రాల్లో మంచు తగ్గి, నీళ్లు తెరుచుకుని, గాలిలోకి తేమ ఎక్కువగా చేరడానికీ ఆ వానకీ సంబంధం ఉందని పరిశోధకులు అంటున్నారు.

స్వాల్‌బార్డ్‌లో అయితే పొర కట్టిన చలికాలాల్లో రెయిన్‌డీర్‌లు ఒడ్డుకొచ్చి సముద్రపు నాచు తింటున్నాయి. ఎండాకాలం పొడుగై గడ్డి పెరగడంతో కొన్నిచోట్ల వాటి సంఖ్య పెరిగిన మాటా నిజమే. పిల్లలకి అదీ చెప్పు. ఏదో ఒక్క వైపే జరుగుతోందంటే నమ్మొద్దని కూడా చెప్పు.

మీ పక్కన ఉన్న పటాన్‌చెరుకీ ఈ కథలో భాగం ఉంది. లాంగియర్‌బైన్ దగ్గరి కొండలో ప్రపంచ విత్తన భాండాగారం 2008లో తెరిచారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ నుంచి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి పంటల విత్తనాలు లక్షకు పైగా నమూనాలు అక్కడ మైనస్ 18 డిగ్రీల్లో భద్రంగా ఉన్నాయి. చుట్టూ పర్మాఫ్రాస్ట్ కాబట్టి కరెంటు పోయినా ఫర్వాలేదని ఆ చోటు ఎంచుకున్నారు. 2016 శరదృతువులో వాన పడి, నేల కరిగి, ప్రవేశ సొరంగంలోకి నీళ్లొచ్చాయి. విత్తనాల దాకా రాలేదు. ఆ తర్వాత సొరంగాన్ని నీళ్లు చొరకుండా కొత్తగా కట్టారు. మన కందులు పదికాలాలు ఉండాలని దాచుకున్న చోటు తలుపు ముందరే కరిగిందంటే నాకు గుండె జారిపోయిందిరా.

కారణం మరీ చిక్కుగా ఏమీ ఉండదు. తెల్లటి మంచు ఎండని వెనక్కి కొడుతుంది, నల్లటి సముద్రం పీల్చుకుంటుంది. మంచు తగ్గినకొద్దీ వేడి, వేడి పెరిగినకొద్దీ ఇంకా తక్కువ మంచు. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ భూమి సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. మంచు పోతే ఓడలకి దగ్గర దారి దొరుకుతుంది, చమురు తీసుకోవచ్చు అని లెక్కలేసేవాళ్ల మాటలు వింటే ఒళ్లు మండుతుంది. ఆ లెక్కల్లో అక్కడి మనుషులు ఉండరు.

షీలా వాట్-క్లూటియే అని కెనడాలో ఒక నాయకురాలు ఉంది, ఆర్కిటిక్ మూలవాసులైన ఇన్యూట్ జనానికి చెందినది. చిన్నప్పుడు పదేళ్లొచ్చేదాకా కుక్కల బండి మీదే తిరిగిన మనిషి. అమెరికా వదిలే పొగ తమ ప్రజల మానవహక్కుల్ని కాలరాస్తోందని 2005లో అమెరికా ఖండాల మానవహక్కుల కమిషన్‌కి ఫిర్యాదు ఇచ్చింది. కమిషన్ దాన్ని విచారణకి తీసుకోలేదు. కానీ చల్లగా ఉండడం తమ హక్కు అన్న ఆమె మాట నాకు ఎంత సబబుగా తోచిందో! మంచు గట్టిదో కాదో చూసి చెప్పడం తరాలుగా పెద్దలు నేర్పిన విద్య. ఇప్పుడు మంచే మారిపోతోంది, అనుభవం ఉన్న వేటగాళ్లు కూడా నీళ్లలో పడుతున్నారు.

అలాస్కా పడమటి తీరంలో న్యూటాక్ అనే ఊరు ఉండేది, యూపిక్ అనే మూలవాసులది. నేల కరిగి, నది కోసేసి, ఊరు ఒక్కో ముక్కా కొట్టుకుపోయింది. మారిపోవాలని 1990ల్లోనే తీర్మానించుకున్నారు. నదికి అవతల మెర్టార్విక్‌కి మొదటి కుటుంబాలు వెళ్లింది 2019లో, మిగిలినవాళ్లు 2024లో. తీర్మానానికీ చివరి ఇంటి సామాను కదలడానికీ మధ్య ఒక తరం గడిచింది. ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్లవాళ్లు మీ వైపూ ఉన్నారు కదా, వాళ్ల పిల్లలెవరైనా నీ తరగతిలో ఉంటే ఈ ఊరి సంగతి ముందు వాళ్లకి చెప్పు.

అంటార్కిటికా గురించి రాయలేదు. అది దేనికదే పెద్ద కథ, విడిగా రాస్తా. పిల్లలు ఏమేం అడుగుతారో కాగితం మీద రాయించి, ఫోటో తీసి పంపు. ఇక్కడ యూనివర్సిటీలో తెలిసినవాళ్లున్నారు, కనుక్కుని జవాబులు రాస్తాను. పరీక్షలు మొదలవకముందే పంపు మరి.

నీ
మురళి