ప్రత్యేక అవసరాల పిల్లల చదువు: ఇంటివారిని అడిగి ప్రణాళిక రాయండి

సంపాదకులకు నమస్కారాలు.

మా అమ్మాయి ఊళ్లోని ప్రభుత్వ పాఠశాలలో నాలుగో తరగతి చదువుతోంది. తనకు మేధోపరమైన వైకల్యం ఉంది. ఇలాంటి పిల్లలకు ఎవరికి వారికి విడిగా వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాస్తారు. మా అమ్మాయికీ రాశారు. అందులో ‘లెక్కపెట్టడం రాదు’ అని ఉంది. ఇంట్లో వాళ్ల తాతయ్య కొబ్బరికాయలు దింపించిన రోజున తనే అయిదేసి కాయలు పక్కకు పేరుస్తుంది, ఒకటి తగ్గితే ఊరుకోదు. కాగితం మీది చుక్కలు లెక్కపెట్టమంటేనే తడబడుతుంది. ఆ సంగతి నన్ను అడిగి ఉంటే అక్కడే చెప్పేదాన్ని. సంతకం కోసం కాగితం పంపారే గాని, ఎవరూ అడగలేదు.

బడి నుంచి ఇంటికి రావలసిన కబురూ రావడం లేదు. మండల కేంద్రంలో ఇలాంటి పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలో ఐఈఆర్‌టీ (ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే టీచరు) మేడమ్ ఎంతో ఓపికతో బొమ్మల కార్డులు చూపించి దాహం, నొప్పి, మరుగుదొడ్డి వంటివి సైగలతో చెప్పడం నేర్పారు. ఆ సైగలేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పిల్ల కడుపు తట్టుకుంటూ ఏడిస్తే మారాం చేస్తోందని పెద్దవాళ్లు కసిరారు. బడిలో నేర్చుకున్నది గుమ్మం దాటి ఇంట్లోకి రాకపోతే ఆ మేడమ్ శ్రమంతా ఏమవుతుంది?

తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనే మాట తరచు వింటుంటాను. ఆ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఎన్నో ఇళ్లలో తల్లులు కువైట్‌లోనో మరో గల్ఫ్ దేశంలోనో ఇంటిపనికి వెళ్లారు, పిల్లలను అమ్మమ్మలు సాకుతున్నారు. ఇక్కడే ఉన్నవాళ్లు తెల్లవారేసరికి రొయ్యల షెడ్లకో కొబ్బరి పీచు పనికో పోతారు. పనివేళ బడికి రమ్మంటే ఆ పూట కూలి పోయినట్టే. కువైట్‌లో ఉన్న తల్లిని ఫోనులో కూర్చోబెట్టి మాట్లాడవచ్చు గదా! కూలికి వెళ్లే తల్లిని సాయంత్రం రమ్మనవచ్చు.

2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. తల్లిదండ్రులు బడి గడప తొక్కారు, అది మంచి పనే. కానీ వందమంది మధ్య నిలబడి నా పిల్లకు బట్టలు తడిసే సమస్య ఉందని నేనెలా చెప్పను? అటువంటి మాటలకు తలుపు వేసిన గది కావాలి, క్లాసు టీచరూ ఐఈఆర్‌టీ ఇద్దరూ ఒకేసారి ఎదుట ఉండాలి. ఇప్పుడు ఒకరు బడిలో, ఒకరు మండల కేంద్రంలో. ఇద్దరి మాటా మోసేది తల్లి ఒక్కతే.

ఇది దయతో ఇవ్వవలసిన అవకాశం కాదని కూడా చెప్పాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, అందులో వెనుకబాటుకు గురైన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు దామాషా ప్రకారం చోటివ్వాలి. 2012 సవరణతో వైకల్యమున్న పిల్లలూ ఆ వర్గంలో చేరారు. మా వైపు ఎన్ని కమిటీల్లో ఇలాంటి తల్లి ఒక్కరైనా ఉన్నారో విద్యాశాఖ అధికారులు లెక్క తీయాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21. అన్నిటికీ ఒకే నమూనా కాగితం ఎలా సరిపోతుంది?

టీచర్ల భారం నాకు తెలియనిది కాదు. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు తర్వాత ఇటువంటి పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని కేంద్రం నిర్దేశించింది. ఆ పోస్టులు నిండే వరకైనా ఇంటివారి సాయం తీసుకోకుండా బండి నడవదు.

మా లంకల సంగతి మరీ ముఖ్యం. గోదావరి పొంగితే పడవ తప్ప దారి ఉండదు, బడి మూత, భవిత కేంద్రం అందదు. 2022 జూలై వరద వంటిది వస్తే ఫిజియోథెరపీ అవసరమైన పిల్లల కాళ్లు మళ్లీ బిగుసుకుపోతాయి. ఆ వ్యాయామం అమ్మమ్మకు ముందే నేర్పి ఉంటే ఇంటి అరుగు మీదైనా చేయిస్తుంది.

కాబట్టి బడి చదువుల ప్రభుత్వ పథకమైన సమగ్ర శిక్ష అధికారులకు నా విన్నపం. జూన్‌లో బడి తెరిచిన నెలలోపే, అంటే వరదల కన్నా ముందే, ప్రతి బిడ్డ ఇంటివారితో క్లాసు టీచరు, ఐఈఆర్‌టీ కలిసి కూర్చుని ప్రణాళిక రాయాలి. ఇంట్లో ఏం చేయగలుగుతోందో తల్లి చెప్పింది అందులో చేరాలి. బడిలో నేర్పిన సైగలు, వ్యాయామాలు తెలుగులో, బొమ్మలతో ఒక కాగితం మీద ఇంటికి ఇవ్వాలి. తల్లి మాట వినకుండా రాసిన ప్రణాళికపై ఆమె సంతకం అడగవద్దు.

ఇట్లు,
ఒక తల్లి,
రాజోలు మండలం, కోనసీమ జిల్లా