కృష్ణబిలం లెక్కలోనిది, లోహంలోది కాదు

సంపాదకులకు,

వింత లోహాల (వేడితోపాటు నిరోధం సరళరేఖలో పెరిగే లోహాల) మీద మీరు వేసిన వార్తకు ‘లోహంలో కృష్ణబిలం’ అని శీర్షిక పెడితే చదివేవాళ్లు పెరుగుతారు, నిజమే. కానీ ఆ బిలం ఉన్నది లెక్క కాగితంలోనే.

లాంథనం–స్ట్రాన్షియం రాగి ఆక్సైడ్‌లో స్ట్రాన్షియం వాటా 0.15 దగ్గరున్నప్పుడు అతివాహకత (నిరోధమే లేని స్థితి) సుమారు 38 కెల్విన్ల దగ్గర పోతుంది. అక్కణ్నుంచి దాదాపు 1000 కెల్విన్ల దాకా నిరోధం సరళరేఖలోనే పెరుగుతుంది. అంత వేడిలో, రెండు ఢీల మధ్య ఎలక్ట్రాన్ సాగే దూరం పరమాణువుల ఎడం కన్నా తక్కువని తేలుతుంది. అంటే కణం పరుగెత్తి గుద్దుకుంటోందన్న బొమ్మే చెల్లదు.

అందుకే శాస్త్రవేత్తలు 1997లో భౌతిక శాస్త్రవేత్త మాల్డసీనా చూపిన దారి పట్టారు: గట్టిగా పెనవేసుకున్న కణాల లెక్కను గురుత్వాకర్షణ లెక్కగా మార్చి చేయడం. దీన్నే హోలోగ్రాఫిక్ పద్ధతి అంటారు. ఒక పరిమాణం ఎక్కువున్న స్థలంలో ఆవేశమున్న కృష్ణబిలాన్ని ఊహించి, దాని హాకింగ్ ఉష్ణోగ్రతను (కృష్ణబిలానికి ఉంటుందని హాకింగ్ లెక్కగట్టిన ఉష్ణోగ్రతను) ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రతగా తీసుకుంటారు. వాహకత బిలం అంచు దగ్గరి విలువలతోనే తేలిపోతుంది. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే: స్థలాన్ని నునుపుగా వదిలేస్తే ద్రవ్యవేగం పోయే దారిలేక వాహకత అనంతమవుతుంది. స్ఫటిక జాలకానికి బదులుగా ఒక్కో దిశలో సమంగా పెరిగే క్షేత్రాలు కలపాలి. అలా కలిపిన అతి సులువైన నమూనాలో (రెండు పరిమాణాల లోహానికి) వాహకతలో ఉష్ణోగ్రత ఊసే ఉండదు! సరళరేఖ కావాలంటే డైలటాన్ అనే మరో క్షేత్రాన్ని తెచ్చి, ఘాతాంకాలు మనమే ఎంచుకోవాలి. అవి మన చేతిలో ఉన్నాక సరళరేఖ రావడంలో గొప్పేముంది?

అసలు పరీక్ష హాల్ కోణం, అంటే అయస్కాంత క్షేత్రంలో కరెంటు ఎంత పక్కకు మళ్లుతుందో చెప్పే కోణం. రాగి ఆక్సైడ్లలో దాని కోటాంజెంట్ ఉష్ణోగ్రత వర్గంతో పెరుగుతుందని 1991లోనే కొలిచారు. రెండు ఢీల మధ్య కాలం ఒక్కటే అయితే అది నిరోధానికి సరళరేఖనూ, హాల్ కోణానికి వర్గాన్నీ రెండూ ఇవ్వజాలదు. 2014లో బ్లేక్, డోనోస్ చూపిన హోలోగ్రాఫిక్ జవాబు ఇది: వాహకతలో రెండు పాళ్లున్నాయి. ఎదురెదురు ఆవేశాల జంటలు చెరో దిక్కుకు సాగడం వల్ల వచ్చేది ఒకటి, ద్రవ్యవేగం ఎంత త్వరగా కరుగుతుందన్నదాన్ని బట్టి వచ్చేది రెండోది. హాల్ కోణానికి రెండోదే పడుతుంది. మొదటిది పెద్దదైతే నిరోధం గీత, హాల్ కోణం గీత వేరైపోతాయి.

కొలతలోనూ జాగ్రత్త కావాలి. వోల్టేజీ తీగలు వెంట్రుకవాసి ఎదురెదురుగా లేకపోయినా మామూలు నిరోధం హాల్ వోల్టేజీలో (కరెంటుకు అడ్డంగా పుట్టే వోల్టేజీలో) కలిసి ఘాతాంకాన్ని చెడగొడుతుంది. అయస్కాంత క్షేత్రాన్ని తిప్పి మళ్లీ కొలిచి, తేడాలో సగం తీసుకోవాలి.

ఇకపై అలాంటి వార్తలో నిరోధం గీతతోపాటు హాల్ కోణం గీత కూడా వేయగలరు. శీర్షికలో ‘లెక్కలోని’ అన్న మాట చేర్చడానికి జాగా కూడా పెద్దగా అక్కర్లేదు.

– ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు, హైదరాబాద్