పిల్లులున్నోళ్లు, కార్లున్నోళ్లు జర చదవండి

అందరికీ నమస్తే. నల్లగొండల చలి ముదిరింది. మన పార్కింగుల తిరిగే పిల్లులు వెచ్చటి జాగ వెతుక్కుంటున్నయ్.

మొన్న పొద్దున కారు తాళం తిప్పబోతుంటే బానెట్ కిందికెళ్లి సన్నగా మ్యావ్ అని వినిపించింది. తెరిస్తే బ్యాటరీ పక్కన బూడిదరంగు కూన, మీసాలకు గ్రీజు. ఇంజన్ వేడికి ఎక్కి పడుకుంది. అందుకే బండి తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు గట్టిగ కొట్టి, ఒక నిమిషం ఆగండి. ఆఫీసుకు లేటయితే కానీయండి.

పిల్లులకు వెచ్చటి పెట్టెలు తయారుచేసేతందుకు ఆదివారం పొద్దున 10 గంటలకు వాచ్‌మన్ గది దగ్గర కలుద్దాం. ఇంటికో అట్టపెట్టె, పాత స్వెటరో గోనెసంచో తేండి. పెట్టెకు పిల్లి పట్టేంత బొక్క చాలు, పెద్దగ కోస్తే వేడి నిలవది. కింద ఇటుకలు నేను పెడత.

పాత రగ్గుల్ల కలరా ఉండలుంటే తీసేసి, ఎండకేసి తేండి. అవి పిల్లులకు విషం.

పిల్లి తుమ్ముతుందని పారాసిటమాల్ అస్సలు వేయొద్దు, సగం గోలీ కూడా ప్రాణం తీస్తది. పశువుల డాక్టరుకు చూపించండి. మూసిన గదిల బొగ్గుల కుంపటి కూడా వద్దు, మనకూ ప్రమాదమే.

తెచ్చేటోళ్లు శనివారం రాత్రిలోగా ఇక్కడ ఫ్లాట్ నంబర్ పెట్టండి. ఉత్త బొటనవేలు బొమ్మ పెడితే ఎవరు ఏం తెస్తున్నరో తెలుస్తలేదు!